వెన్నుపాము దెబ్బయు, దేహములోని జమాఖర్చును
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ఉపన్యాసము)



గోదావరి మండలములలో చెట్టెక్కి బ్రతుకువారు అనేకులున్నారు. కోనసీమలో కొబ్బరికాయ దింపువారు, మెట్టసీమలో తాడిచెట్టు గీయువారు, అన్నవరము, శంఖవరము ప్రాంతములలో మామిడికాయ కోయువారు, వీరందరికిని ప్రతిదినము ప్రాణము కొమ్మ మీదనే యుండును. మోకు తెగినను, వానకాలమున నాచుపట్టిన బోదె మీద కాలు జారినను, పడినవాని ప్రాణము పోవుట యొక యెత్తు. ప్రాణము నిలిచి నడుము క్రింద కాళ్లు నిలువకుండుట మరియొక యెత్తు. అన్నవరము ప్రక్కగా చెన్నపట్టణమునుండి కలకత్తాకు పోవు రాజమార్గము మీది వాహన ప్రమాదములును ఈ లెక్కలోనే చేరును. అట్టి వానిని ఆసుపత్రినుండి మంచముతో సహా ఇంటికి చేర్చిన పిదప ఇంటివారు మొదట అడుగు ప్రశ్న, "వీనికి బలమునకేమి పెట్టవలెను?" అని. ఈ కాలపు బజారునందు దానికి సమాధానము సిద్ధముగానే యున్నది. యాంటీఆక్సిడెంటు మాత్రలు, యాంటీఆక్సిడెంటు పొడి, యాంటీఆక్సిడెంటు టానిక్కు! ఆ మాట ముద్రింపని సీసా అరుదైపోయినది. ఆ మాటకు అర్థమేమి, వెన్నుపాము చెడినవానికి దానితో పని ఎంతవరకు కలదు, ఏది కొనవలెను, ఏది కొననక్కరలేదు అనునదియే నేటి విషయము.

వెన్నెముక వేరు, వెన్నుపాము వేరు. వెన్నెముక ఎముకల గొలుసు. దాని నడిమి కాలువలో మెదడునుండి దిగివచ్చు నరముల మోకు వెన్నుపాము. పెద్దవారిలో అది సుమారు 45 సెంటీమీటర్ల పొడవు, చిటికెనవ్రేలి లావు మాత్రమే. కాలు కదల్పుమను ఆజ్ఞ క్రిందికి పోవుటకును, కాలికి ముల్లు గ్రుచ్చుకొన్నదను వార్త పైకి వచ్చుటకును ఇదియొక్కటే బాట. విరిగిన ఎముక అతుకును. తెగిన వెన్నుపాము తంతువులు మాత్రము, చేతి నరము వలె, మరల పెరిగి తమ చోటు చేరుకొనుట లేదు.

ఈ సంగతిని పూర్వులు ఎరుగకపోలేదు. సుశ్రుతసంహిత శారీరస్థానమున నూటయేడు మర్మములను చెప్పుచు, వెన్నునకు ఇరుప్రక్కల కటిప్రదేశమున నున్న కుకుందరములను పేర్కొని, అచట దెబ్బ తగిలినచో దేహపు క్రిందిభాగమున స్పర్శజ్ఞానము పోవుననియు, కదలిక చెడుననియు వ్రాయబడినది. లోపల జరుగు కార్యమును విప్పిచూపు సాధనములు ఆ కాలమున లేవు గాని, ఫలమును చూచిన కన్ను తప్పు చూడలేదు. చికిత్సాస్థానమున మరియొక విశేషము కలదు. తొడయెముక, పిక్కయెముక విరిగినవానిని తలుపువంటి పలక మీద పరుండబెట్టి, కదలకుండ మేకులకు బంధింపవలెననియు, కటియందును వెన్నెముకయందును విరిగినపుడు కూడ ఇదియే పద్ధతియనియు చెప్పబడినది. దానికి కపాటశయనమని పేరు. కపాటమనగా తలుపే.

ఇంత పాత ఉపదేశము గ్రామములలో నేటికిని ఆచరణకు రాలేదు. చెట్టుమీదినుండి పడినవానిని చంకలక్రింద చేతులు వేసి లేవనెత్తుదురు. కూర్చుండబెట్టి నీరు త్రాగింతురు. మోటారుసైకిలు మీద ఇద్దరి నడుమ ఇరికించి కొనిపోవుదురు. ప్రేమతో చేయు పనియే. కాని విరిగిన ఎముకముక్క అంతవరకు చెక్కుచెదరని పామును ఈ ప్రయాణములోనే నలిపివేయవచ్చును. 2005 ఆగష్టు 15వ తేదీనుండి ఆంధ్రదేశమున 108 బండి తిరుగుచున్నది. నిప్పు, నీరు, వాహనముల వలన అపాయము లేనిచో అది వచ్చువరకు పడినవానిని కదల్పరాదు. తప్పనిసరియైనచో తలుపునొకదానిని ఊడదీసి, తల, మెడ, నడుము ఒకే వరుసలో నుండునట్లు నలుగురు కలిసి ఒక్కమారుగా దొర్లించి దానిపైకి చేర్పవలెను. తలుపు మరల బిగించుకొనవచ్చును.

ఇక అసలు విషయము. వెన్నుపామునకు దెబ్బ ఒకటి కాదు, రెండు. మొదటిది పడిన క్షణమున తగులునది. దానిని ఏ వైద్యుడును వెనుకకు త్రిప్పలేడు. రెండవది ఆ వెనుక గంటలలోను, దినములలోను, వారములలోను లోలోపల సాగునది. 1911లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున ఆలెన్ అను వైద్యుడు కుక్కల వెన్నుపాము మీదికి బరువులు జారవిడిచి పరీక్షించి, దెబ్బ తగిలిన చోట చేరిన నెత్తురుతో కూడిన పదార్థమును తీసివేసినచో అవి మేలుగా కోలుకొనుటను గమనించి, హాని దెబ్బతోనే ముగియుట లేదని ఎత్తిచూపెను. ఆ రెండవ హానిలో ఒక ముఖ్యమైన భాగమే ఆక్సీకరణము.

తాటియాకు ఇండ్ల వరుసకు వేసవిలో నిప్పంటుకొనుట చూచిన పెద్దలకు దీనిని వివరించుట సులభము. పిడుగు పడినది ఒక్క ఇంటిమీదనే. కాని ఆ కప్పునుండి ప్రక్క కప్పునకు, దానినుండి ఆ ప్రక్క కప్పునకు మంట ప్రాకి వీథి వీథియే బూడిదయగును. వెన్నుపాములోని నరపుతంతువులకు కొవ్వుతో చేసిన తొడుగులున్నవి. కొవ్వు అణువునొకదానిని ప్రాణవాయువునుండి పుట్టిన చెడురూపము కొరికినచో, ఆ కొవ్వు తన లోటును ప్రక్క కొవ్వునుండి తీర్చుకొనును. అది ఆ ప్రక్కదానినుండి. ఇట్లు వరుసగా చెడుచు పోవును. వీథి కాలునపుడు తెలివిగలవారు ఏమి చేయుదురు? మంట చేరకమునుపే నడుమనున్న ఒక ఇంటి కప్పును లాగి క్రిందపడవేయుదురు. కొవ్వుపొరలలో నిలిచి సరిగా ఈ పనియే చేయునది ఈ-విటమిను. తాను చెడి వరుసను తెంపును. అట్లు చెడిన ఈ-విటమినును మరల బాగుచేసి నిలుపునది సీ-విటమిను. ఇట్టి పనివారికే యాంటీఆక్సిడెంటులని పేరు.

ఆ నిప్పు దేహములోనికి ఎక్కడినుండి వచ్చినది? అది ఇంటి పొయ్యిలోనిదే. ప్రతి జీవకణములోను మైటోకాండ్రియాలను పొయ్యిలున్నవి. అందు ఆహారము ప్రాణవాయువుతో నెమ్మదిగా దహింపబడి శక్తి పుట్టును. ఆ శక్తి దేహమున చెలామణియగు నాణెమునకు ఏటీపీయని పేరు. దానిని కనుగొన్నవారిలో ఒకరు 1895 జనవరి 12న భీమవరమున జన్మించి, రాజమహేంద్రవరమున కొంత చదివి, చెన్నపట్టణమున వైద్యము నేర్చిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. హార్వర్డు విశ్వవిద్యాలయమున ఫిస్కేతో కూడి 1927లో ఫాస్ఫోక్రియాటినును, 1929లో ఏటీపీని వారు లోకమునకు చూపిరి. అదే సంవత్సరమున జర్మనీలో లోమన్ అనునతడును ఏటీపీని వేరుగా కనుగొనెను. గోదావరి బిడ్డ చేసిన ఈ పనిని గూర్చి భీమవరమునందే ఎరుగనివారు పెక్కురుండుట విచారకరము. అది వేరు సంగతి.

ఆ పొయ్యినుండి నిప్పురవ్వలు కొన్ని ఎప్పుడును ఎగురుచునే యుండును. వానినే ఫ్రీ రాడికల్సు అందురు. ప్రాణవాయువు అధికమైనపుడు కలుగు హాని ఈ రవ్వల వలననేయని 1954లో రెబెకా గెర్ష్‌మన్ అను విదుషియు, ముసలితనమునకు ఇవి కారణమని 1956లో డెన్హాం హార్మన్ అను శాస్త్రజ్ఞుడును ప్రతిపాదించిరి. 1969లో మెక్కార్డ్, ఫ్రిడోవిచ్ అనువారు ఈ రవ్వలలో నొకదానిని చల్లార్చు కావలివాడు దేహములోనే యున్నాడని కనుగొనిరి. ఆ ఎంజైమునకు సూపరాక్సైడు డిస్మ్యూటేజ్ అని పేరు. కాటలేజ్, గ్లూటాథయోను అనునవి దానికి తోడు. ఈ కావలివారిని దేహము తన కష్టార్జితముతోనే పోషించుకొనుచున్నది, బజారునుండి తెచ్చుకొన్నది కాదు.

రవ్వలన్నియు శత్రువులని తలపరాదు. నెత్తుటిలోని తెల్లకణములు రోగక్రిములను చంపుటకు ఈ నిప్పునే వాడును. దస్తరమున జమ యొకవైపు, ఖర్చు మరియొకవైపు ఉన్నంతకాలము చిక్కులేదు. ఖర్చు జమను మించి, నిల్వకూడ హరించుకుపోవునపుడు ఏర్పడు స్థితినే ఆక్సీకరణ ఒత్తిడి అందురు. వెన్నుపామునకు దెబ్బ తగిలినపుడు ఆ స్థితి ఒక్క గడియలో ఏర్పడును. కొవ్వు అక్కడ మెండు. చితికిన రక్తనాళములనుండి కారిన నెత్తుటిలోని ఇనుము రవ్వను మంటగా మార్చును. ఆగిన రక్తప్రవాహము మరల సాగినపుడు వచ్చు ప్రాణవాయువే ఆ మంటకు గాలియగును.

ఇంత తెలిసినపిదప ఆ మంటను మందుతో ఆర్పవచ్చునను ఆశ పుట్టుట సహజము. మిథైల్‌ప్రెడ్నిసొలోను అను మందును పెద్దమోతాదున ఎక్కించినచో కొవ్వు చెడుట ఆగునని జంతువులలో కనబడినది. అమెరికాలో రోగులపై జరిపిన పెద్దపరీక్ష ఫలితము 1990లో వెలువడినది. దెబ్బ తగిలిన 8 గంటలలోపల ఇచ్చినచో కొంత మేలు కలదని ఆ పరీక్ష చెప్పినది. లోకమంతట దానిని వాడసాగిరి. 1997లో టిరిలజాడ్ అను మరియొక మందును, ఆక్సీకరణము నడ్డుటకే తయారుచేసినదానిని, దానితో పోల్చి పరీక్షించిరి. అదియు ఆశించినంత పని చేయలేదు. రానురాను మొదటి పరీక్ష లెక్కలనే పండితులు తిరుగదోడిరి. ఆ మందు వలన క్రిమిదోషములును, కడుపులో రక్తస్రావమును హెచ్చుచుండుటయు బయటపడినది. 2013లో అమెరికా నరశస్త్రవైద్యుల సంఘములు దానిని వాడవద్దని సలహా ఇచ్చినవి. 2017లో మరియొక వైద్యబృందము 8 గంటలలోపు వచ్చినవారికి, వైద్యుని విచక్షణపై, ఒక దినము ఇవ్వవచ్చునన్నది. ఇట్లు పెద్దలకే ఏకాభిప్రాయము లేదు. చెడిన వెన్నుపామును యాంటీఆక్సిడెంటుతో తిరిగి నడిపించెడు మందు నేటివరకు ఏ ఆసుపత్రియందును లేదు. పసుపులోని కర్క్యుమిను ఎలుకలలో మేలుచేసినదను వార్తలు తరచుగా వచ్చును. ఎలుకకు మేలైనదంతయు మనుష్యునికి మేలగునని చెప్పుటకు వీలులేదు.

మరి ఇంటికి వచ్చినవాని సంగతి యేమి? ఇక్కడనే సత్యమునకును బజారునకును ఎడము. వెన్నుపాము దెబ్బ తిని సంవత్సరములు గడచినవారి నెత్తురు పరీక్షింపగా, పలువురిలో సీ, ఈ వంటి విటమినులు ఉండవలసినదానికన్న తక్కువగా నున్నవనియు, కొవ్వు చెడిన జాడలు హెచ్చుగా నున్నవనియు కొన్ని పరిశోధనలలో తేలినది. ఇది నిజము. టానిక్కు అమ్మువాడు ఈ నిజమునే పట్టుకొని, "తక్కువైనది గనుక పోయుడు" అనును. కాని ఎందువలన తక్కువైనదో అతడు చెప్పడు. పంపా జలాశయపు గట్టునకు గండి పడినచో ఎగువనుండి ఎంత నీరు వదలినను చెరువు నిండునా? ముందు గండి పూడ్చవలెను గదా!

ఆ గండ్లలో మొదటిది పడకపుండు. స్పర్శ లేనివాడు ఒకేవైపున పడియున్నచో ఎముకకును పరుపునకును నడుమ చర్మము నలిగి రక్తము ఆగిపోవును. ఆరోగ్యవంతుడు నిద్రలో సయితము తెలియకయే ఒత్తిగిలును. ఇతనికి నొప్పి తెలియదు గనుక ఒత్తిగిలడు. చాలసేపటికి ఎవరైన కదల్పగా రక్తము మరల ప్రవహించును. ఆ క్షణమున, వెన్నుపాములో చెప్పిన విధముననే, నిప్పురవ్వలు లేచి చర్మమును లోపలినుండి కాల్చును. పుండు పడినవెనుక క్రిములు, జ్వరము, చీము. నెలల తరబడి దేహము తన మాంసకృత్తులను, విటమినులను ఆ గోతిలో పోయుచుండును. ఒక్క పిరుదుపుండు తినివేసినదానిని పది సీసాల మాత్రలు పూరింపజాలవు.

దీనిని మొదట లోకమునకు రుజువు చేసినది మందు కాదు, పరిచర్య. మొదటి ప్రపంచయుద్ధమున వెన్నుపాము చెడిన సైనికులలో అధికసంఖ్యాకులు పుండ్లవలనను, మూత్రదోషమువలనను కొలదికాలములోనే మరణించిరి. 1944 ఫిబ్రవరి 1వ తేదీన ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో, జర్మనీనుండి ప్రాణము దక్కించుకొని వచ్చిన లుడ్విగ్ గుట్మన్ అను వైద్యుడు ఇట్టివారికొక విభాగము తెరచెను. ఆయన విధి యేమనగా, రాత్రింబవళ్లు రెండుగంటల కొకమారు రోగిని ప్రక్కకు త్రిప్పవలెను. అర్ధరాత్రి తానే వచ్చి చూచెడివాడట. చావవలసినవారు బ్రతికిరి. 1948 జులై 29న, లండనులో ఒలింపిక్ క్రీడలు ప్రారంభమైన దినముననే, ఆయన ఆసుపత్రి ఆవరణమున చక్రాల కుర్చీలలో కూర్చున్న 16 మంది బాణములు వేసి పోటీపడిరి. నేటి పారాలింపిక్ క్రీడలకు అదియే మొదలు.

కావున మంచము ప్రక్కన గడియారము ముఖ్యము. కుర్చీలో కూర్చున్నవాడు పావుగంటకో అరగంటకో ఒకమారు చేతులపై బరువు మోపి పిరుదులు లేవనెత్తవలెను, లేదా ప్రక్కలకు వంగవలెను. ప్రతిదినము అద్దముతో వెనుకభాగమును చూపించుకొనవలెను. దుప్పటి మడత, లాగు బొత్తాము, జేబులో మరచిన తాళపుచెవి, ఇంతచిన్న వస్తువులే పుండ్లకు మూలములు. వేడినీటి కాపడము పెట్టుట, ఎండలో కాలిన సిమెంటు గచ్చుపై కూర్చుండబెట్టుట ప్రమాదకరము. కాలినను అతనికి తెలియదు.

రెండవ గండి మూత్రాశయము. అది తనంత తాను ఖాళీకానిచో నిల్వయున్న మూత్రములో క్రిములు పెరిగి మూత్రపిండములను పాడుచేయును. 1972లో అమెరికాలో లాపిడిస్ అను వైద్యుడు శుభ్రమైన చేతులతో, శుభ్రమైన గొట్టముతో దినమునకు పలుమారులు మూత్రమును తీసివేయు పద్ధతిని ప్రకటించెను. దానిని రోగియే స్వయముగా నేర్చుకొనవచ్చును. సిగ్గువలన ఈ విషయము ఇండ్లలో మాటాడరు. మాటాడకపోవుటవలన పోయిన ప్రాణములు తక్కువ కావు. పొగచుట్ట మూడవ గండి. దానిని గూర్చి వేరుగ చెప్పనక్కరలేదు.

ఇక ఆహారము. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన పట్టికల ప్రకారము నూరు గ్రాముల ఉసిరికాయలోను, జామకాయలోను 200 మిల్లీగ్రాములకు పైబడి, మునగాకులో 100 మిల్లీగ్రాములకు పైబడి సీ-విటమిను కలదు. పెరటి మునగచెట్టునకు బిల్లు లేదు. (ఉడికించినపుడు ఈ విటమిను కొంత నశించును గనుక జామకాయ పచ్చిగా తినుటయే మేలు.) వేరుసెనగలోను, నూనెగింజలలోను ఈ-విటమిను దొరకును. పుండు మానుటకు మాంసకృత్తులు కావలెను. పప్పు, పెరుగు, అలవాటున్నవారికి గ్రుడ్డు, గోదావరి చేప. అయితే కాళ్లు కదలనివానికి కండ తగ్గును గనుక దేహము ఖర్చుచేయు శక్తియు తగ్గును. బంధువులు జాలితో పెట్టు నేతిమిఠాయిలు పొట్టచుట్టు పేరుకొని చక్కెరవ్యాధికి దారితీయును. అన్నవరము సత్యదేవుని ప్రసాదము గోధుమనూకయు, తీపియు, నేయియు కలిసినది. విస్తరాకులోనిది కన్నుల కద్దుకొని ఒక ముద్ద తినవచ్చును. పొట్లమంతయు రోగికే మిగుల్చుట భక్తి కాదు.

మాత్రలు ఊరక తినిన నష్టమేమియని కొందరడుగుదురు. నష్టమున్నది. సీ-విటమినును పెద్దమోతాదున మ్రింగినచో అందు కొంత ఆక్సలేటుగా మారి మూత్రమున పోవును. మూత్రపిండములలో, మూత్రాశయమున రాళ్లు ఏర్పడుట వెన్నుపాము రోగులకు ముందే హెచ్చు. కాళ్లలో రక్తము గడ్డకట్టకుండ వీరిలో పలువురు మందు తినుచుందురు. దానికి ఈ-విటమిను పెద్దమోతాదు తోడైనచో రక్తస్రావ భయము కలదు. ఫిన్లండులో పొగత్రాగు 29,133 మంది పురుషులపై జరిపిన పరీక్షా ఫలితము 1994లో వెలువడినది. బీటాకెరోటిను మాత్రలు తిన్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సరు తగ్గుటకు బదులు పెరిగినది. 2009లో జర్మనీ పరిశోధకులు వ్యాయామము చేయువారికి సీ, ఈ విటమినుల మాత్రలిచ్చి చూడగా, వ్యాయామము వలన దేహమునకు కలుగవలసిన మేలు కొంత కుంటుపడినది. కారణము విచిత్రము. కండ పనిచేయునపుడు లేచు స్వల్పమైన రవ్వలే కావలివారిని మేల్కొలుపును. రవ్వలను మాత్రతో చల్లార్చినచో కావలివాడు నిద్రించును. కావున చేతులు కదలువానికి చేతులతో వ్యాయామము చేయించుట ఏ సీసాకన్నను మిన్న. రక్తపరీక్షలో లోటు కనబడినపుడు వైద్యుడు వ్రాసిన విటమిను తగినమోతాదున తినుట దీనికి విరుద్ధము కాదు. అది లోటు పూడ్చుట.

ఆంధ్రప్రదేశమున 2024 జులైనుండి ప్రమాదమువలన మంచమునకో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి నెలకు 15,000 రూపాయల పింఛను ఏర్పాటైనది. ఆ పైకముతో మొదట కొనవలసినవి మంచి పరుపు, కుర్చీలోనికి మెత్తని దిండు, శుభ్రమైన గొట్టములు, గ్రుడ్లు, పప్పు. పగలంతయు త్రిప్పి త్రిప్పి అలసిన ఇల్లాలికి రాత్రి రెండుజాములు నిద్రపట్టునట్లు ఒక మనిషిని కుదుర్చుకొనుటకును అది ఉపకరించును. ఆమె పడిపోయినచో ఆ ఇంట గడియారము చూచువారుండరు. తెలంగాణమున 2024లోనే గీతకార్మికులకు కాటమయ్య రక్షణ కవచమను పేర, చెట్టునుండి జారినను నేలకు పడనీయని పట్టీల సామగ్రిని ఇచ్చుట ప్రారంభించిరి. గోదావరి తీరమున చెట్టెక్కువారికిని అట్టిది అందవలసియున్నది.

రాయవేలూరు పోయి వచ్చినవారు ఈ సభలోనే కొందరుండవచ్చును. అచటి క్రైస్తవ వైద్యకళాశాలలో మేరీ వర్గీసు అను యువవైద్యురాలు 1954లో, అనగా గెర్ష్‌మన్ ప్రాణవాయువు హానిని గూర్చి వ్రాసిన సంవత్సరముననే, మోటారు ప్రమాదములో వెన్నుపాము దెబ్బతిని నడుము క్రిందిభాగము చచ్చుబడిన దయ్యెను. చక్రాల కుర్చీలో కూర్చుండియే ఆమె కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసెను. న్యూయార్కు పోయి పునరావాస వైద్యము నేర్చి వచ్చెను. 1966లో వేలూరున ఇట్టి రోగులను ఉంచుకొని తీర్చిదిద్దు సంస్థ ఆమె నాయకత్వమున వెలసినది. అందు రోగికిని, వెంట వచ్చిన తల్లికో భార్యకో కూడ పుండు పడకుండ చూచుకొనుట, గొట్టము పెట్టుకొనుట, కుర్చీనుండి మంచము మీదికి మారుట నేర్పి పంపుదురు. ఆమె 1986 వరకు, ప్రమాదమునకు తరువాత 32 సంవత్సరములు, జీవించినది.